చలికాలమున గోబరు గ్యాసు పొయ్యి ఆఱిపోవుట: కారణములు, నివారణోపాయములు

కార్తికము గడచి మార్గశిరము ప్రవేశించినది మొదలుకొని మన సంఘ కార్యాలయమునకు ఏటేట ఒకే విధమైన ఫిర్యాదు వచ్చుచుండును. వేసవిలో రెండు పూటల వంటకు చాలిన గోబరు గ్యాసు ఇప్పుడు చాయకైనను చాలుట లేదనియు, పొయ్యి వెలిగించిన కొంతసేపటికే మంట యెగిరి పడి ఆఱిపోవుచున్నదనియు, ఇందుకేమి చేయవలెననియు సభ్యులు అడుగుచుందురు. మఱి కొందఱు అడుగకయే విసిగి, గ్యాసును విడిచి మఱల కట్టెల పొయ్యి రాజవేసికొనుచున్నారు.

ఇట్లు విడిచిన గుంతలోని పేడ రెండు మూడు మాసములలో గడ్డకట్టును. ఎండలు వచ్చునప్పటికి దానిని బాగుచేయుటకు ఎవరికిని మనసొప్పదు. ఏండ్ల తరబడి పనిచేయవలసిన గుంత ఒక్క చలికాలపు చిక్కువలన మూతపడిపోవును. అప్పటికి పెట్టిన సొమ్మును, ఇంటి స్త్రీల యాశయు దానితోడనే పోవును. కావున ఈ నెల సంచికలో ఈ విషయమునే ముచ్చటింప దలచితిమి. ఇందులో మేము చేసిన తప్పు కూడ ఒకటి కలదు. దానిని మొదటనే చెప్పుట న్యాయము.

బీర్పూరులో జరిగిన సంగతి

బీర్పూరు, 2016వ సంవత్సరము అక్టోబరులో జగిత్యాల జిల్లాతోపాటు ఏర్పడిన మండలము. వరియు పసుపును పండించు రైతులు, ఇంటింట బఱ్ఱెలును గల ప్రాంతము. అచ్చట ఒక సభ్యుని యింట 2 ఘనమీటర్ల దీనబంధు నమూనా గుంత యున్నది. ఇంటిలో ఆఱుగురు మనుష్యులు, దొడ్డిలో అయిదు పశువులు. గుంత కట్టిన నాటినుండి ఆ యింటివారు కట్టెలకు పోలేదు.

2024 జనవరి మొదటి వారమున ఆ రైతు మాకు ఫోను చేసి, గ్యాసు తగ్గినదని చెప్పెను. మేము గుంతను చూడలేదు, పొయ్యిని చూడలేదు. చలికి గుంతలోని క్రిములు మందగించి యుండునని యూహించి, "కొన్ని దినములు పేడ యెక్కువగా వేయుడు" అని చెప్పి ఊరకుంటిమి. ఆయన మా మాట నమ్మెను. ఆయనయు, ఆయన యిల్లాలును పది దినములు మామూలుకంటె సగము హెచ్చుగా పేడ మోసి కలిపి పోసిరి.

సంక్రాంతి గడచిన పిమ్మట మేము ఆ యూరికి పోయితిమి. పోయి చూడగా ఆ యమ్మ వాకిట మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుండి, పొగకు కన్నులు తుడుచుకొనుచు అన్నము వండుచుండెను. మమ్ము చూచి లేచి, "సారూ, మీ మాట ఇని పది దినాలు పెండ మోసిన. గ్యాసు పెరుగుడు కాదు, ఉన్నది సుత పోయింది. మాకీ గ్యాసొద్దు, గుంత పూడ్సుకుంటం" అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఊరకయే గుంత యొద్దకు పోయి బయటి తొట్టిలోనికి తొంగి చూచితిమి. స్లర్రీ, అనగా గుంతనుండి బయటికి వచ్చు పలుచని పేడ, తొట్టి కంత దాక నిండి పొర్లుచుండెను. నడుమ బుడగలు గుప్పుగుప్పున లేచుచుండెను. అప్పుడు మాకు సంగతి తెలిసినది. గుంతలో గ్యాసు లేకపోయినచో స్లర్రీ అంత యెత్తున నిలువదు. గ్యాసు నిండుగా నున్నది. పోవుటకు దారి లేక అది పేడను వెలుపలికి నెట్టి, తాను బుడగలై గాలిలో కలిసిపోవుచున్నది.

అంతట గొట్టము వెంబడి అడుగడుగున చూచుచు నడిచితిమి. పోయిన వేసవిలో ట్రాక్టరు పోవుటకు దారి విడిచి, గొట్టమును రెండు గుంజలమీదుగా ఎత్తి కట్టియుండిరి. ఆ రెండు గుంజల నడుమ గొట్టము జానెడు జాఱి ఉయ్యాలవలె వ్రేలాడుచున్నది. గుమ్మటముమీది వాల్వును మూసి, వ్రేలాడుచోటి అతుకును విప్పగా అరచెంబు నీరు కారెను. గొట్టమును వెదురు బొంగు మీద తిన్నగా కట్టి, అతికి, వాల్వు తెఱచి పొయ్యి వెలిగించితిమి. నీలపు మంట నిలుకడగా లేచెను. ఆ యమ్మ ఏమియు పలుకలేదు. మూడు రాళ్ల పొయ్యిమీది గిన్నెను తెచ్చి గ్యాసు పొయ్యిమీద పెట్టెను.

గ్యాసు లేక కాదు, గ్యాసునకు దారి లేక ఆ పొయ్యి ఆఱినది. చూడక చెప్పిన మా సలహావలన ఆ దంపతుల పది దినముల కష్టము వృథయైనది. అట్టి పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకే ఈ వ్యాసము.

చలి చేయు రెండు పనులు

చలి గోబరు గ్యాసునకు రెండు వేర్వేరు చోట్ల అడ్డుపడును. ఒకటి గుంతలో, రెండవది గొట్టములో. ఈ రెంటిని వేఱుచేసి చూడనిచో వైద్యము తారుమాఱగును.

మొదటిది గుంత సంగతి. పేడను గ్యాసుగా మార్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వానికి 30 మొదలు 35 డిగ్రీల వెచ్చదనము మిక్కిలి హితము. 20 డిగ్రీలకు దిగినచో వాని పని స్పష్టముగా మందగించును. 10 డిగ్రీలకు దిగినచో దాదాపు ఆగిపోవును. డిసెంబరు, జనవరి మాసములలో మన జిల్లాలో తెల్లవారుజామున చలి కొన్ని దినములు 10 డిగ్రీల దరిదాపులకు వచ్చుట కలదు. అయినను అది గాలిలోని చలి. భూమిలోపల నున్న గుంత గాలియంత త్వరగా చల్లబడదు. కావున మన ప్రాంతమున గుంతలోని పని మెల్లమెల్లగా తగ్గునే కాని, ఒక్కసారిగా ఆగదు.

రెండవది గొట్టము సంగతి. గుంతనుండి వచ్చు గ్యాసు తడి గ్యాసు. దానిలో నీటియావిరి నిండియుండును. చల్లని నీళ్లు పోసిన చెంబు వెలుపల చెమర్చినట్లే, ఆ యావిరి చల్లని గొట్టములో చెమర్చి నీరగును. 25 డిగ్రీల వెచ్చదనము గల ఒక ఘనమీటరు గ్యాసులో సుమారు 23 గ్రాముల నీటియావిరి యిముడును. 10 డిగ్రీలకు చల్లబడిన గ్యాసులో 9 గ్రాములకు మించి యిమడదు. మిగిలిన 14 గ్రాములును గొట్టములో నీరై నిలుచును. దినమునకు ఒకటిన్నర ఘనమీటరు గ్యాసు పోయినచో 20 గ్రాములు. నెలకు అరలీటరునకు పైమాట. బీర్పూరులో గొట్టమునుండి కారిన నీరు ఇంచుమించు ఈ లెక్కకే సరిపోయినది.

వేసవిలో గొట్టము గుంతకంటె వేడిగా నుండును గావున ఈ నీరు ఏర్పడదు. అందుచేతనే గొట్టము వంగియున్నను వేసవి యంతయు పొయ్యి చక్కగా మండి, చలి రాగానే ఆఱిపోవును. ఇంటివారు దోషము గుంతదే యని తలచుటకు కారణమిదియే.

ముందు బయటి తొట్టిని చూడుడు

ఏ దోషమో తెలిసికొనుటకు యంత్రములు అక్కఱలేదు. గుమ్మటపు నమూనా గుంతకు బయటి తొట్టియే కొలబద్ద. రాత్రియంతయు పొయ్యి వాడక, తెల్లవారి వెలిగింపకముందు తొట్టిలోనికి చూడుడు.

స్లర్రీ ఎత్తున నిలిచియుండి, బుడగలు వచ్చుచు, పొయ్యి మాత్రము మండకున్నచో గ్యాసు కలదు. దోషము గొట్టములోనో, వాల్వులోనో, బర్నరులోనో యున్నది. స్లర్రీ అడుగుకు దిగియున్నచో గ్యాసు లేదు. దోషము గుంతలోనిది, లేదా గ్యాసు ఎక్కడనో కారిపోవుచున్నది.

ఖాదీ కమీషను నమూనాలో ఇనుప డ్రమ్ము తేలుచుండును గదా. అందులో డ్రమ్మే కొలబద్ద. డ్రమ్ము పైకి లేచియుండియు పొయ్యి మండకున్నచో గొట్టమును చూడుడు. డ్రమ్ము లేవనే లేవకున్నచో గుంతను చూడుడు.

దోషము వచ్చిన తీరును కూడ కనిపెట్టవలెను. వారములు గడచుకొలది మంట కొంచెము కొంచెముగా తగ్గుచు వచ్చినచో అది గుంత మందగించిన గుఱుతు. నిన్న బాగుగా మండి నేడు తటాలున ఆగినను, మంట గుడగుడలాడుచు ఎగిరెగిరి పడినను, అది గొట్టములో నీరు నిలిచిన గుఱుతు. చాయ కాగువఱకు మండి, అన్నము పొంగువేళకు ఆఱిపోవుటయు దీని లక్షణమే. ఏలనన, దీనబంధు గుంతలో గ్యాసు నిండియున్నప్పుడు దాని యొత్తిడి 90 సెంటీమీటర్ల నీటి యెత్తు వఱకు ఉండవచ్చును. అప్పుడది గొట్టములోని నీటిని త్రోసికొని వచ్చును. వాడుకొలది ఒత్తిడి తగ్గి, నీటిని దాటలేక నిలిచిపోవును. తేలెడి డ్రమ్ము గుంతలో ఒత్తిడి సుమారు 10 సెంటీమీటర్లే కావున, గొట్టము జానెడు జాఱి నీరు నిలిచిన మాత్రమున పొయ్యి పూర్తిగా ఆగును.

గొట్టమును బాగుచేయు విధము

మొదట ఇంటనున్న ప్రతి మంటను ఆర్పుడు. బీడీ, చుట్ట, దీపము ఏదియు దగ్గఱ నుండరాదు. తరువాత గుమ్మటముమీది పెద్ద వాల్వును మూయుడు. గొట్టమునకు అన్నిటికంటె పల్లపుచోట నీరు తీయుటకు బిరడా గల టీ గొట్టము అమర్చియుండును. దీనిని వాటరు ట్రాపు అందురు. ఆ బిరడా విప్పి, నీరంతయు కారనిచ్చి, మఱల బిగింపుడు. నీటి తుదబొట్టుతో కొంచెము గ్యాసును వచ్చును, కంపు కొట్టును. దానికి వెఱవ నక్కఱలేదు గాని మంటను మాత్రము దరిజేరనీయరాదు.

ట్రాపు లేని గొట్టములు మన గ్రామములలో పెక్కు కలవు. కొన్నిటికి ట్రాపు ఉండియు, దొడ్డి మార్చినప్పుడో గోడ కట్టినప్పుడో గొట్టము దిశ మాఱి, పల్లము మఱియొక చోటికి పోయియుండును. నీరు పల్లమునే వెదకికొనును. ట్రాపు మెరకలో నున్నచో అది యున్నను లేనట్లే. కావున గొట్టము నూఱు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా, గుంతవైపునకో ట్రాపువైపునకో దిగునట్లు అమర్పుడు. గాలిలో పోవుచోట గొట్టము క్రింద వెదురు బొంగునో ఇనుప కడ్డీనో కట్టి, జాఱకుండ చేయుడు. పొయ్యి దగ్గఱి రబ్బరు గొట్టమును పొడవుగా విడిచి నేలమీద చుట్ట చుట్టరాదు. ఆ చుట్టలోనే నీరు నిలుచును.

మార్గశిరము మొదలు మాఘము వఱకు వారమున కొకసారి నీరు తీయుట చాలును. అంగడి దినమున తీయుదుమని నియమము పెట్టుకొన్నచో మఱపు రాదు.

గొట్టములో నీరు లేకయు మంట సరిగా రానిచో బర్నరును చూడుడు. గ్యాసులోని గంధకపు వాయువువలన ఇనుము తుప్పుపట్టి, ఆ పొడి గ్యాసు వచ్చు సన్నని రంధ్రమును పూడ్చును. పొయ్యిని ఊడదీసి, సన్నని తీగతో రంధ్రమును శుభ్రపఱచుడు. దానిని పెద్దది చేయరాదు. మంట పసుపు వన్నెగా నుండి గిన్నె నల్లబడుచున్నచో గాలి చాలలేదు. గాలి కంతను కొంచెము తెఱువుడు. మంట బర్నరును విడిచి పైకి లేచి ఆఱుచున్నచో గాలి యెక్కువైనది, కొంచెము మూయుడు. నీలపు మంట నిలుకడగా నుండుటయే సరియైన గుఱుతు.

గుంత మందగించినప్పుడు

తొట్టిలో స్లర్రీ దిగియుండి, గ్యాసు నిజముగనే తగ్గినదని తేలినచో, పేడ పెంచుట మందు కాదు. ఇది మేము చెప్పిన తప్పుడు సలహాయే గావున దీనిని వివరించుట మా విధి.

మన దేశమున గుంతలను ఆయా ప్రాంతముల చలినిబట్టి లెక్క వేసి కట్టుదురు. పోసిన పేడ గుంతలో నిలిచి యుండవలసిన కాలము దక్షిణ రాష్ట్రములలో 30 దినములు, ఉత్తరపు మైదానములలో 40 దినములు, కొండ ప్రాంతములలో 55 దినములు అని నిర్ణయము. మన గుంతలు 30 దినముల లెక్కన కట్టినవి. అనగా చలికాలమున సూక్ష్మజీవులకు అదనపు వ్యవధి కావలసియున్నను, గుంతలో దానికి చోటు లేదు. అట్టి సమయమున మనము పేడ పెంచినచో ముప్పది దినములు నిలువవలసినది ఇరువది దినములకే పచ్చిగా వెలుపలికి నెట్టబడును.

అంతకంటె కీడు మఱియొకటి కలదు. గుంతలో పని రెండు అంచెలుగా జరుగును. ఒక తెగ జీవులు పేడను పులియబెట్టి ఆమ్లముగా మార్చును. మఱియొక తెగ ఆ యామ్లమును గ్యాసుగా మార్చును. చలికి ముందుగా సోలిపోవునది ఈ రెండవ తెగయే. పేడ యెక్కువ వేసినచో పులుపు పెరుగునే కాని గ్యాసు పెరుగదు. తొట్టివద్ద పుల్లని కంపు వచ్చుచు, వెలుపలికి వచ్చు స్లర్రీ పచ్చిపేడవలె నున్నచో, నాలుగైదు దినములు ఏమియు పోయక గుంతకు విశ్రాంతి నిచ్చి, పిమ్మట సగము కొలతతో మొదలుపెట్టుడు.

గుంతకు వెచ్చదనము కలిగించు ఉపాయములు సులభమైనవి, ఖర్చు లేనివి. తెల్లవారుజామున మంచువంటి నీళ్లతో పేడ కలిపి పోయుట మన వాడుక. చలికాలమున దీనిని మానుడు. ఒక డ్రమ్మునకు నలుపు రంగు పూసి, నీరు నింపి, ఎండలో పెట్టుడు. మధ్యాహ్నము రెండు మూడు గంటలకు ఆ నీరు చేతికి వెచ్చగా నుండును. ఆ నీటితో, పేడకు సమానముగా, అనగా కిలో పేడకు లీటరు నీటి చొప్పున కలిపి అప్పుడే పోయుడు. మఱిగిన నీరు పోయరాదు. అది జీవులను చంపును. నీటిలో కొంతభాగమునకు బదులుగా పశువుల మూత్రము కలుపుట మంచిది.

గుమ్మటముమీద మట్టి కప్పు పలుచబడియున్నచో మరల వేయుడు. దానిపై మూరెడు మందమున వరిగడ్డినో, పసుపాకునో పఱచుడు. ఆకు, చెత్త, పేడ కలిపిన ఎరువు కుప్పను గుమ్మటము మీదనే వేసినచో అది మ్రగ్గునప్పుడు పుట్టు వేడి గుంతకు దుప్పటివలె పనికివచ్చును. ఇనుప డ్రమ్ము గల గుంతకు రాత్రి గోనెపట్టాలు కప్పి, ఉదయము తీసి డ్రమ్మునకు ఎండ తగులనిండు. డ్రమ్మును దినమున కొకసారి అటునిటు త్రిప్పినచో పైన గట్టిన తెట్టు విరుగును. గుంతమీద చెట్టునీడ పడుచున్నచో చలికాలము వఱకైన ఆ కొమ్మలు కొట్టుడు.

మఱియొక సంగతి. ధర్మపురి వైపున గోదావరి యొడ్డు గ్రామములో ఒక రైతు ఎంత జాగ్రత్త తీసికొన్నను గ్యాసు రాలేదు. విచారింపగా దొడ్డిని ఫినాయిలుతో కడిగి, ఆ కడుగు నీటినే పేడలో కలుపుచున్నట్లు తెలిసినది. ఈగలను చంపు మందు గుంతలోని జీవులను విడుచునా? ఫినాయిలు, బ్లీచింగు పొడి, సబ్బునీరు గుంతలోనికి పోరాదు. ఆ నీటిని వేఱు కాలువలో పోనిచ్చినది మొదలు గుంత కొన్ని వారములలో కోలుకొనెను.

పేడ కొలత

చలిని నిందింపకముందు పేడను తూచి చూచుకొనుట మఱువరాదు. ఒక ఘనమీటరు గ్యాసునకు దినమునకు సుమారు 25 కిలోల పచ్చిపేడ కావలెను. 2 ఘనమీటర్ల గుంతకు 50 కిలోలు. పెద్ద పశువు ఒక్కటికి 10 కిలోల చొప్పున లెక్కించినను అయిదు పశువుల పేడ యంతయు కావలెను. వానకాలపు వరి కోసినపిదప మన పల్లెలలో పశువులను మళ్లలోనికి వదలుట వాడుక. పగలు వేసిన పేడ పొలము పాలగును. రాత్రి పేడయే దొడ్డికి దక్కును. ఇది పొలమునకు మేలే, కాని గుంతకు సగము కూడు తగ్గినట్లే. ఇది సరిగా చలి మొదలగు నాళ్లలోనే జరుగుట చేత, తగ్గిన గ్యాసు నెపము చలిమీద పడును. వరికోత యంత్రములు, ట్రాక్టరులు వచ్చి పశువులు తగ్గిన యిండ్లలో ఈ కొఱత ఏడాది పొడవునను ఉండును. అట్టివారు ఇరుగుపొరుగు పేడను కూడగట్టుకొని, బదులుగా స్లర్రీ ఇచ్చుట ఉభయులకును లాభకరము.

ప్రాణాపాయములు

గ్యాసు కారుచున్నదను అనుమానము కలిగినచో సబ్బునురుగును అతుకులపై పూసి చూడుడు. బుడగ లేచినచోట కాఱుట కలదు. అగ్గిపుల్ల గీచి చూచుట ప్రాణముతో చెలగాటము. గుమ్మటముమీది గొట్టపు కొనయొద్ద ఎన్నడును మంట పెట్టరాదు. మంట లోనికి పోయి గుంత ప్రేలవచ్చును. గుంతను క్రొత్తగా నింపినప్పుడు మొదట వచ్చు గ్యాసులో గాలి కలిసియుండును. దానిని వెలిగింపక విడిచిపెట్టుడు.

అన్నిటికంటె ముఖ్యము: పేడ గడ్డకట్టినదని గాని, వస్తువేదో పడినదని గాని గుంతలోనికి మనిషి దిగరాదు. లోపల ఊపిరికి గాలి లేదు, విషవాయువు కలదు. దిగినవాడు క్షణములలో స్మృతి తప్పును; వానిని తీయుటకు దిగిన రెండవవాడును అట్లే పడిపోవును. పొడుగు కఱ్ఱతో వెలుపలినుండియే పని చేయవలెను. గుంత ఖాళీ చేయవలసివచ్చినచో సంఘమునకు తెలుపుడు. తెలిసిన మేస్త్రీని పంపుదుము.

ఇంత శ్రమ యెందుకనగా

గ్యాసు సిలిండరు దొరకుచుండగా ఈ తంటా యేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. లెక్క చూతము. ఒక ఘనమీటరు గోబరు గ్యాసు ఇంచుమించు 0.43 కిలోల సిలిండరు గ్యాసునకును, మూడున్నర కిలోల కట్టెలకును సమానము. 2 ఘనమీటర్ల గుంత నిండుగా పనిచేసినచో నెలకు సుమారు 26 కిలోల సిలిండరు గ్యాసుతో సమానమగును, అనగా 14.2 కిలోల సిలిండర్లు రెంటికి కొంచెము తక్కువ. చలికాలమున సగమునకు పడిపోయినను నెలకు దాదాపు ఒక సిలిండరు మిగులు. పొయ్యి ఆగినదని గుంతను పూడ్చుకొన్నవాడు ఈ సగమును గూడ పూడ్చుకొన్నవాడగును.

మఱి స్లర్రీ సంగతి వేఱు. పేడలోని నత్రజని గ్యాసుతో పోదు, స్లర్రీలోనే నిలిచియుండును. బాగుగా మ్రగ్గిన స్లర్రీ ఆఱిన తరువాత సుమారు ఒకటిన్నర మొదలు రెండు పాళ్ల నత్రజని కలిగియుండును. ఎండలో ఎండి, వానకు తడిసిన దిబ్బయెరువునకు అంత సత్తువ యుండదు. కలుపు గింజలును చాలవఱకు చచ్చియుండును. పసుపు వంటి ఎరువుకాపు పంటకు ఇది యెంత ఉపకారియో కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల రైతులకు మేము చెప్పనక్కఱలేదు.

ఈ విద్య నేటిది కాదు. జశ్‌భాయి పటేలుగారు 1951 ప్రాంతమున తేలెడి డ్రమ్ము గుంతను రూపొందించిరి. ఖాదీ గ్రామోద్యోగ కమీషనువారు దానిని దేశమంతట వ్యాపింపజేసిరి. 1981–82లో కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును నెలకొల్పెను. 1984లో తక్కువ ఖర్చుతో దీనబంధు నమూనా వచ్చెను. మనకంటె చలి యెక్కువైన నేపాళ దేశపు కొండపల్లెలలో సైతము 1992లో ప్రారంభమైన కార్యక్రమమువలన వేలకొలది యిండ్లవారు ఇట్టి గుంతలతో వంట చేసికొనుచున్నారు. హిమాలయముల చెంత మండు పొయ్యి గోదావరి చెంత మండకుండునా?

ముగింపు

సభ్యులు జ్ఞప్తియందుంచుకొనవలసిన క్రమము ఇది. పొయ్యి ఆగినచో మొదట బయటి తొట్టిని చూడుడు. స్లర్రీ ఎత్తున నున్నచో గొట్టములోని నీరు తీయుడు, బర్నరు శుభ్రపఱచుడు. స్లర్రీ దిగియున్నచో పేడను తూచుడు, అతుకులను సబ్బునురుగుతో పరీక్షింపుడు, వెచ్చని నీటితో మధ్యాహ్నము పోయుడు, గుమ్మటమును కప్పుడు. ఏ పరిస్థితిలోను చూడక పేడ పెంచకుడు.

ఇవన్నియు చేసియు ఫలము లేనిచో సంఘ కార్యాలయమున తెలుపుడు. ఫోనులో విని ఉపాయము చెప్పుట మేము మానుకొంటిమి. స్వయముగా వచ్చి, తొట్టిని చూచి, ఆ పిమ్మటనే మాట చెప్పుదుము. బీర్పూరు మండలములో గుంతలు గల సభ్యులెల్లరును ఈ మార్గశిరము రాకమునుపే తమ గొట్టముల వాలును ఒకసారి సరిచూచుకొందురు గాక యని మా మనవి. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలందురు. మంట యుండగనే గొట్టమును చక్కబెట్టుకొనుట అంతకంటె సులభము.

ఆ బీర్పూరు గృహిణి గుంతను పూడ్పింపలేదు. మరుసటి చలికాలమున మేము ఆ దారిని పోవుచు పలుకరింపగా, ఆమె గోడకు గీచిన బొగ్గు గీతలను మాకు చూపెను. వారమున కొక గీత. నీరు తీసిన ప్రతిసారి ఒకటి. ఒక్క వారమును తప్పలేదు.